వంటింటి చెత్తతో పొయ్యి గ్యాస్: వరంగల్ చుట్టుపక్కల ఇండ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

హన్మకొండలో అడిగినా, నర్సంపేటలో అడిగినా, అటు జగిత్యాల, మంచిర్యాల వైపు అడిగినా బయోగ్యాస్ మీద వచ్చే అనుమానాలు ఇంచుమించు ఇవే. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను. ఇదంతా ఇంటి స్థాయి ప్లాంటు గురించి, అంటే 1,000 లీటర్ల తొట్టికి అటూఇటూ ఉండేవాటి గురించి.

## పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

చెత్తల నుంచి గ్యాస్ ఎట్ల వస్తది? కరెంటేమన్న కావాల్నా?

కరెంటు అక్కర్లేదు. గాలి చొరబడని తొట్టిలో తడి చెత్త మురిగేటప్పుడు కొన్ని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లాలుగా విడగొడతాయి, ఇంకొన్ని ఆ ఆమ్లాలను తిని మీథేన్ వదులుతాయి. వచ్చే గ్యాస్‌లో 50 నుంచి 65 శాతం దాకా మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కాస్త తేమ, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా. మండేది మీథేన్ ఒక్కటే. ఈ మీథేన్ చేసే సూక్ష్మజీవులు బర్రె కడుపులోనూ ఉంటాయి. అందుకే ప్లాంటును పెండతో మొదలుపెడతారు. పెట్టుకున్నాక దాన్ని ఇంట్లో ఇంకో బర్రె ఉన్నట్టే చూసుకోవాలి: వేళకు మేత, సరిపడా నీళ్లు, మితిమీరి పెడితే అజీర్తి.

మా ఇంట్ల నలుగురం. సిలిండర్ కొనుడు బందయితదా?

కాదు. ఈ మాట ముందే తెలిస్తే తర్వాత నిరాశ ఉండదు. కిలో తడి చెత్తకు దాదాపు 100 లీటర్ల గ్యాస్ వస్తుంది. నలుగురున్న ఇంట్లో తొక్కలు, మిగిలిన అన్నం, కూర అన్నీ కలిపి రోజుకు 2 కిలోలు అనుకుంటే 200 లీటర్లు. చిన్న బర్నర్ మీద అది ముప్పావు గంట మంట. పొద్దున చాయ్, పాలు, ఒక పూట అన్నం అయిపోతాయి. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ 0.43 కిలోల ఎల్పీజీకి సమానం కాబట్టి నెలకు ఆదా అయ్యేది రెండున్నర కిలోల చిల్లర. 14.2 కిలోల సిలిండర్ లెక్కన అయిదారు నెలలకు ఒకటి మిగిలినట్టు.

సిలిండర్ లెక్క ఒక్కటే చూసుకుంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏండ్లు పడుతుంది. ఇంటి తడి చెత్త గడప దాటకపోవడం, చెట్లకు మంచి ఎరువు దొరకడం మీకు విలువైన సంగతులైతే పెట్టండి. నా వరకు నాకు గ్యాస్ కంటే ఆ రెండే పెద్ద లాభం.

మేమిద్దరమే ఉంటం. పిల్లలు హైదరాబాదుల. పెట్టుకోవచ్చునా?

ఇద్దరికి రోజుకు కిలో తడి చెత్త కూడా రాదు. దానికోసం ప్లాంటు పెట్టడం దండగ. పక్కనున్న రెండు మూడిండ్లవాళ్లు కలిసివస్తే ఆలోచించండి. కలవకపోతే కుండలో కంపోస్టు చేసుకోవడమే మేలు.

మాకు బర్రె ఉంది. కడుగు, గంజి, తొక్కలు కుడితి గోలెంల పోస్తం. గ్యాస్‌కు ఏం మిగుల్తది?

కుడితి బర్రెకే పోయండి. అంతకన్నా మంచి వినియోగం లేదు. బర్రె తిన్నాక వచ్చే పెండను ప్లాంటులో వేయండి. కిలో పెండకు దాదాపు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. రోజుకు 25 కిలోల పెండ ఉంటే ఒక ఘనపు మీటరు. అంటే రెండు పెద్ద పశువులున్న ఇంటికి వంటలో పెద్ద భాగం వెళ్లిపోతుంది. గోలెంలో పోయలేని పాచిపోయిన కూర, పులిసిన పిండి లాంటివి పెండతో కలిపి వేసుకోవచ్చు. పెండ తోడుంటే ప్లాంటు అంత తొందరగా పాడవదు.

మాది అపార్ట్‌మెంటు. అందరికి కలిపి ఒకటి పెట్టచ్చా?

పెట్టవచ్చు. గ్యాస్ లెక్కలో చూస్తే చిన్న ఇంటికంటే ఇదే నయం. కాని చూసుకునే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. వాచ్‌మన్‌కు అదనపు పనిగా అప్పజెప్పి ఊరుకుంటే కొన్నాళ్లకు మూత పడుతుంది. గ్యాస్‌ను ప్రతి ఫ్లాటుకూ పైపు వేసి పంచాలని చూడకండి. కింద ఉండే వాచ్‌మన్ కుటుంబం పొయ్యికి, కమ్యూనిటీ హాలు వంటగదికి ఇవ్వడం తేలిక.

సబ్సిడీ వస్తదంటున్నరు, నిజమేనా?

చిన్న బయోగ్యాస్ ప్లాంట్లకు కేంద్రం సాయం 1981-82 నుంచి ఏదో ఒక పథకం పేరుతో ఉంటూ వచ్చింది. 2022 నవంబరులో దాన్ని జాతీయ బయోఎనర్జీ కార్యక్రమంలో కలిపారు. మన రాష్ట్రంలో ఇలాంటివి చూసే సంస్థ టీజీరెడ్కో (తెలంగాణ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ). రేట్లు, గడువులు మారుతుంటాయి కాబట్టి ప్లాంటు కొనకముందే అక్కడ అడగండి. కొన్నాక బిల్లు పట్టుకొని పోతే పని కాకపోవచ్చు.

## జాగా చూసుకునేటప్పుడు, కొనేటప్పుడు

ఏ మోడల్ మంచిది?

మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది తేలే డ్రమ్ము. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దేశమంతా ప్రచారం చేసింది ఇదే. గ్యాస్ నిండితే డ్రమ్ము లేస్తుంది, వాడితే దిగుతుంది, ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. రెండోది 1984లో వచ్చిన దీనబంధు, ఇటుక సిమెంటుతో భూమిలో కట్టే గుమ్మటం. మూడోది ప్లాస్టిక్ ట్యాంకులది: పెద్ద ట్యాంకులో కాస్త చిన్న ట్యాంకు బోర్లించి పెట్టేది. పూణెలోని ఆర్తి సంస్థ దీన్ని వంటింటి చెత్తకు అనువుగా చేసి 2006లో ఆష్డెన్ అవార్డు తీసుకుంది.

పట్నంలో ఇల్లు, ఒక్క వంటింటి చెత్తే ఉంటే ప్లాస్టిక్ ట్యాంకుల రకం చాలు. పల్లెలో పశువులున్న ఇల్లయితే దీనబంధు కట్టించుకోండి, మేస్త్రీకి ఆ పని తెలిసుండాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికి భూమిలో ఉన్న ప్లాంటే బాగా పనిచేస్తుంది.

కొనేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి. ‘1 క్యూబిక్ మీటర్ ప్లాంటు’ అంటే తొట్టి సైజా, రోజుకు వచ్చే గ్యాసా? 1,000 లీటర్ల తొట్టిలో రెండు కిలోల చెత్త వేసి రోజుకు 1,000 లీటర్ల గ్యాస్ తీయడం ఎవరివల్లా కాదు.

స్లాబు మీద పెట్టచ్చా?

ఎండ బాగా తగులుతుందని చాలామంది అదే కోరుకుంటారు. కాని 1,000 లీటర్ల తొట్టి నిండితే టన్ను బరువు, అది ఏడాది పొడుగునా దిగదు. స్లాబు నడుమ పెట్టొద్దు. కింద పిల్లర్లు, బీములు ఉన్న మూల చూసి, ఇల్లు కట్టిన ఇంజనీరును ఒక మాట అడిగి పెట్టండి. పాత ఇండ్లలో అయితే నేల మీదే నయం. రోజూ బకెట్ పట్టుకొని మెట్లెక్కాల్సింది ఎవరో కూడా ఆలోచించండి. అది ఇంట్లో పెద్దామె అయితే ఆ ప్లాంటు ఎక్కువకాలం నడవదు.

కోతులు పైపు తెంపుతున్నయి. ఏం చేయాలె?

ఈ ప్రశ్న మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఇన్నిసార్లు వినబడదేమో. మెత్తటి రబ్బరు పైపు కనబడితే కోతి లాగుతుంది, కొరుకుతుంది. డ్రమ్ము లేచేటప్పుడు, దిగేటప్పుడు కదలడానికి ఒక మూరెడు మెత్తటి పైపు తప్పదు. మిగతాదంతా జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు వేయండి. ఆ మూరెడుకు ఇనుప స్ప్రింగో, దళసరి గొట్టమో తొడగండి. చెత్త పోసే మూతకు గడియ పెట్టండి. ప్లాంటు చుట్టూ అన్నం మెతుకులు పడి ఉంటే ఏ కాపలా పనిచేయదు, పోసిన వెంటనే కడగండి.

## మొదటి నెల

మొదలు పెట్టనీకె పెండ ఎంత కావాలె?

తొట్టి నిండేంత పెండ నీళ్లు కావాలి. పెండ, నీళ్లు సమపాళ్లు. 1,000 లీటర్ల తొట్టికి దాదాపు 500 కిలోల పెండ. అంత దొరక్కపోతే నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు బకెట్ల స్లర్రీ (అరిగాక బయటికొచ్చే నల్ల నీళ్లు) తెచ్చి తక్కువ పెండతో కలపండి, కాస్త ఆలస్యంగానైనా పుంజుకుంటుంది. పచ్చి పెండే తేవాలి. గడ్డిపరకలు, మట్టి ఏరేసి, చేత్తో పిసికి ఉండలు లేకుండా కలపాలి. సూదిమందులు నడుస్తున్న పశువు పెండ వద్దు. ఆ మందు తొట్టిలోని సూక్ష్మజీవులను కూడా చంపుతుంది.

డ్రమ్ము లేచింది, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటలేదు. మోసపోయినమా?

మోసమేమీ లేదు. మొదట వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్, లోపల మిగిలిన గాలి ఎక్కువ. దాన్ని ఆరుబయట వదిలేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. మొదటి నిండును వెలిగించాలని ప్రయత్నించడమే ప్రమాదం, ఎందుకంటే గాలితో కలిసిన మీథేన్ పేలుతుంది. రెండు మూడుసార్లు వదిలాక నీలి మంట వస్తుంది. మన ఎండాకాలంలో పెండ పోసిన రెండు మూడు వారాలకు, చలికాలంలో నెల దాటాక.

వంటింటి చెత్త ఎప్పుడు మొదలుపెట్టాలె?

మంట నిలకడగా మండడం మొదలయ్యాక. మొదటి వారం రోజుకు పావుకిలో, తర్వాత అరకిలో, అట్లా నెల మీద రెండు కిలోలకు రండి. ప్లాంటు మొదట్లోనే ఆగిపోయిన చోట అడిగి చూడండి, పెండ పోసిన మర్నాడే ఇంట్లో చెత్తంతా పోసి ఉంటారు.

## రోజువారీ మేత

ఏం వెయ్యాలె, ఏం వెయ్యద్దు?

అన్నం, రొట్టె, పప్పు, కూర, పాచిపోయిన పిండి, గంజి, కూరగాయల తొక్కలు, మెత్తబడ్డ టమాటలు, అరటి తొక్క, మామిడి తొక్క, వడకట్టిన చాయ్ పత్తి అన్నీ వేయవచ్చు. పిండి, చక్కెర ఉన్నవి తొందరగా గ్యాస్ అవుతాయి, పీచు ఉన్నవి ఆలస్యంగా. ఎంత చిన్నగా కోస్తే అంత మంచిది. పాత మిక్సీ ఉంటే దాన్ని దీనికే పెట్టండి.

మామిడి టెంకలు, కొబ్బరి పీచు, మక్క బెండ్లు, బొక్కలు, గుడ్డు పెంకులు వద్దు. అవి అరగవు, అడుగున పేరుకుంటాయి. నిమ్మ, బత్తాయి తొక్కల్లోని నూనె, చింతపండు పిప్పిలోని పులుపు కొంచెమైతే పరవాలేదు, గుప్పెళ్ల కొద్దీ వేయకూడదు. ఉల్లి, ఎల్లిగడ్డ పొట్టు కూడా అంతే. పాత తొక్కు జాడీ కడిగి ఆ ఉప్పు నూనె అందులో పోయొద్దు. సబ్బు నీళ్లు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు చుక్క కూడా తగలనీయకండి. వంటింటి సింకు పైపును నేరుగా ప్లాంటుకు కలపకూడదని చెప్పేది ఇందుకే.

చెత్తను వంటింట్లోనే వేరు చేయండి. కూర తరిగే పీట పక్కన మూతున్న చిన్న డబ్బా ఒకటి పెడితే పాల ప్యాకెట్టు మూల, రబ్బరు బ్యాండు అందులో పడవు. ప్లాంటు దగ్గరికి పోయాక ఏరుదామంటే ఎవరూ ఏరరు.

ఇంట్ల దావత్ అయింది, గంపెడు బువ్వ మిగిలింది. అంత పోస్తే గ్యాస్ ఎక్కువ వస్తది గద?

ఒకటి రెండు రోజులు వస్తుంది, ఆ తర్వాత చాలా రోజులు రాదు. అన్నం చాలా తొందరగా ఆమ్లంగా మారుతుంది. మీథేన్ చేసే సూక్ష్మజీవులు అంత వేగంగా ఆ ఆమ్లాన్ని తినలేవు, తొట్టి పులిసిపోతుంది. మామూలుగా వేసేదానికి ఒకటిన్నర రెట్లకు మించొద్దు. తినదగ్గ బువ్వ అయితే ముందు మనుషులకు, తర్వాత పశువులకు.

బతుకమ్మ పూలు, జాతర బెల్లం ఇందుల వెయ్యచ్చా?

బంతి, చామంతి రేకులు తరిగి కొద్దికొద్దిగా వేయవచ్చు. గునుగు, తంగేడు కాడలు కట్టెలా ఉంటాయి, వాటిని కంపోస్టు గుంతలో వేయండి. ఊళ్లో బతుకమ్మలన్నీ ఒక ఇంటి ప్లాంటుకు తెచ్చే ఆలోచన చేయకండి. సమ్మక్క దగ్గరి బెల్లాన్ని ప్రసాదంగా తినగా మిగిలి, చీమలు పట్టి పనికిరాకుండా పోతే పిడికెడు బెల్లాన్ని నీళ్లలో కరిగించి పోయవచ్చు. మంట మర్నాటికే పెరుగుతుంది. రోజూ పోస్తే మాత్రం తొట్టి పులుస్తుంది.

ఎండకాలం తాగనీకే నీళ్లు ఉండయి. దీనికి యాడికెళ్లి తేవాలె?

మంచినీళ్లు అక్కర్లేదు. బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్లు చాలు. అవీ లేకపోతే బయటికి వచ్చిన స్లర్రీని వడగట్టి, ఆ నీళ్లతోనే చెత్త కలిపి మళ్లీ పోయండి.

పది రోజులు ఊరికి పోతే పాడైతదా?

పాడవదు. మేత లేకపోతే గ్యాస్ తగ్గుతుంది గాని సూక్ష్మజీవులు చావవు. పోయేముందు నిండిన గ్యాస్ వాడేసి, పొయ్యి దగ్గరి వాల్వు మూసి పోండి. వచ్చాక సగం మేతతో మొదలుపెట్టండి.

సకినాలు, గారెలు కాల్చిన నూనె మిగిలింది. దాంతోటి డీజిల్ చేసుకోవచ్చునట గద?

వాడిన నూనెతో బయోడీజిల్ అవుతుంది. కాని దానికి మిథనాల్, కాస్టిక్ సోడా కావాలి. మిథనాల్ విషం, ఆవిరికే అంటుకుంటుంది. ఇంట్లో ఆ పని వద్దు. ప్లాంటులో అయితే రోజుకు ఒక చెంచా మించి పోయకండి, ఎక్కువైతే పైన తెట్టు కడుతుంది.

## పొయ్యి, మంట, భద్రత

ఇప్పుడున్న గ్యాస్ పొయ్యి మీదనే నడుస్తదా?

నడవదు. ఎల్పీజీ ఒత్తిడి ఎక్కువ, అందుకే దాని జెట్ రంధ్రం సన్నం. బయోగ్యాస్ మెల్లగా వస్తుంది, దానికి పెద్ద రంధ్రం కావాలి, కలిసే గాలి తక్కువ కావాలి. ఐఎస్ 8749 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న బయోగ్యాస్ పొయ్యి విడిగా కొనుక్కోండి. మెకానిక్‌తో రంధ్రం పెద్దది చేయించిన పొయ్యిని మళ్లీ సిలిండర్‌కు తగిలిస్తే మంట పైకెగసి ఇల్లు అంటుకుంటుంది.

మిగిలిన గ్యాస్ సిలిండర్ల నింపుకోవచ్చా?

ఇంట్లో కుదరదు. ఎల్పీజీ కొద్ది ఒత్తిడికే ద్రవమవుతుంది, మీథేన్ మన వాతావరణంలో ఎంత నొక్కినా ద్రవం కాదు. కార్ల సీఎన్‌జీలా 200 బార్ల పైన నొక్కి, దానికోసమే చేసిన సిలిండర్లలో పట్టాలి. ముందు కార్బన్ డయాక్సైడ్ తీసేయాలి. అది ఫ్యాక్టరీ పని. ఎవరైనా టైరు పంపుతో నింపి చూపించే వీడియో పంపితే నమ్మకండి.

పేలుతదా?

తేలే డ్రమ్ములో ఒత్తిడి చాలా తక్కువ, నిండితే అంచు నుంచి బుడగలుగా బయటికి పోతుంది. తొట్టి దానంతట అది పేలదు. ప్రమాదం కారిన గ్యాస్ మూసిన గదిలో చేరినప్పుడు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. పొయ్యి ఉన్న గదిలో పైన వెంటిలేటర్ ఉండాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే స్విచ్చు వేయకుండా తలుపులు తెరవండి. పైపు కారుతోందా అని చూడాలంటే సబ్బు నురగ రాయండి, అగ్గిపుల్ల గీయకండి.

ఇంకో మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. తొట్టి ఖాళీ చేశాక కూడా మనిషి లోపలికి దిగకూడదు, తల పెట్టకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన తెలిసే శక్తే పోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోమనిషి కూడా పైకి రాడు. పూడిక తీయాల్సొస్తే పంపుతో, పొడుగు కర్ర పారతో బయటి నుంచే.

చెత్త గ్యాస్ మీద వండితే బువ్వకు వాసన పడతదా?

పడదు. వాసన వేసే భాగం మంటలో కాలిపోతుంది. కాకపోతే అదే భాగం ఇత్తడి వాల్వులను, బర్నర్‌ను తినేస్తుంది. పైపు మధ్యలో ఇనుప పీచు నింపిన చిన్న గొట్టం పెడితే చాలావరకు అక్కడే ఆగుతుంది. పీచు నల్లబడితే మార్చాలి.

## తేడా వచ్చినప్పుడు

పుల్లటి వాసన వస్తుంది, డ్రమ్ము లేస్తుంది గాని మంట లేదు.

తొట్టి పులిసింది. మందుల షాపులోనో, ల్యాబు సామాన్ల షాపులోనో పీహెచ్ కాగితం (పులుపు ఎంతుందో రంగుతో చూపేది) కొని ముంచి చూడండి. 6.8 నుంచి 7.5 మధ్య ఉంటే ఆరోగ్యం, 6.5 కంటే కిందికి పోతే జబ్బు. మేత పూర్తిగా ఆపండి. రోజూ ఒక బకెట్ పెండ నీళ్లు పోయండి. సున్నపు తేట కొద్దికొద్దిగా కలపవచ్చు, ఒక్కసారే పోయకూడదు. వారం పది రోజులకు మంట తిరిగివస్తుంది. వచ్చాక పావుకిలోతో మొదలు.

చలికాలం గ్యాస్ సగమే వస్తుంది. ప్లాంటు ఖరాబయిందా?

ఖరాబేమీ కాలేదు. ఈ సూక్ష్మజీవులకు 35 డిగ్రీల దగ్గర హుషారు, 20 కంటే తగ్గితే మందగిస్తాయి. డిసెంబరు, జనవరిలో మేత కూడా తగ్గించండి. తగ్గించకపోతే అరగని చెత్త పేరుకొని ఫిబ్రవరిలో పులుస్తుంది. చెత్తను గోరువెచ్చటి నీళ్లతో మధ్యాహ్నం పూట పోయండి. చుట్టూ వరిగడ్డి కట్టి, దానిమీద నల్ల తాటిపత్రి (టార్పాలిన్) కప్పితే రాత్రి వేడి నిలుస్తుంది.

మంట ఎగిరెగిరి పడుతుంది, ఆరిపోతుంది.

పైపులో నీళ్లు చేరాయి. గ్యాస్‌తో వచ్చిన తేమ చల్లబడి పల్లంలో నిలుస్తుంది. పైపు అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట టీ (T) ఆకారపు పైపు ముక్క, చిన్న వాల్వు పెట్టించి వారానికోసారి నీళ్లు వదలండి.

దోమలు అయితున్నయి.

డ్రమ్ముకూ తొట్టికీ మధ్య సందులో పుడతాయి. దోమతెర గుడ్డను ఆ సందు మీద కట్టండి. స్లర్రీని తెరిచిన బకెట్‌లో నిలవ ఉంచకండి.

## స్లర్రీ, ఊరి చెత్త

బయటికొచ్చే నల్ల నీళ్లను ఏం చేయాలె?

అది ఎరువు. చెత్తలోని నత్రజని చాలావరకు అందులోనే ఉంటుంది, మొక్కకు అందే రూపంలో. ఒకపాలు స్లర్రీకి అయిదు నుంచి పది పాళ్లు నీళ్లు కలిపి సాయంత్రం పూట మొదళ్లలో పోయండి. చిక్కగా పోస్తే వేర్లు మాడతాయి. ఎండలో ఉంచితే నత్రజని గాలిలో కలిసిపోతుంది, నీడలో మూతపెట్టి ఉంచండి. రోగకారక క్రిములన్నీ తొట్టిలో చావవు కాబట్టి పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన మీద చల్లకండి. మామిడి, జామ, మునగ, బీర, సొర పాదులకు నిర్భయంగా పోయవచ్చు.

అందరం తడి చెత్తను బండికే ఇస్తే కార్పొరేషనే గ్యాస్ చేయచ్చు గద? మనకెందుకు ఈ పని?

చేయవచ్చు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) సాంకేతికతతో పెట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీస్తోందని 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పారు. మన కూరగాయల మండీలకు అదే తీరు సరిపోతుంది. అక్కడ ఒకే రకం చెత్త ఒకే చోట దొరుకుతుంది.

ఇండ్ల చెత్తతో చిక్కు అదే, అన్నీ కలిసి వస్తాయి. తడి, పొడి, హానికర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. వరంగల్‌కు ఇది కొత్త కాదు. 2012 అక్టోబరులో క్లీన్ సిటీ చాంపియన్‌షిప్ పెట్టి ఇంటింటా తడి, పొడి వేరుగా తీసుకునే పద్ధతి మన ఊళ్లో మొదలయితే వేరే ఊళ్లవాళ్లు వచ్చి చూసిపోయారు. డైపరు, బ్లేడు, టాబ్లెట్ పట్టీ కలిసిన తడి చెత్తను ఏ పెద్ద ప్లాంటూ తీసుకోలేదు. మీరు ఇంట్లో ప్లాంటు పెట్టినా పెట్టకపోయినా, బండికి ఇచ్చే పచ్చ డబ్బాలో తడి చెత్త ఒక్కటే వేయండి.